ఊతపదం

కూరగాయల టోకు మార్కెట్లో వేలం పాడే ఆయన్ని అందరూ 'మైకు' అనేవారు. మైకు పట్టుకుంటాడని కాదు, దాని అవసరం లేదని. ఆయన ఈ చివర నిలబడి ఉల్లిపాయల ధర పాడితే ఆ చివర బంగాళాదుంపలవాళ్ళు తమ బేరం ఆపుకుని వినాల్సివచ్చేది. అలాంటి గొంతులోనే పుండు పుట్టింది. ముందు జలుబన్నారు. తర్వాత అరిచి అరిచి బొంగురుపోయిందన్నారు. చివరికి డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నాడు. మనిషి బతుకుతాడు, గొంతు పోతుంది. అంతే సంగతి.

ఆ మాట విని ఆయనకంటే ఆయన భార్యకే ఎక్కువ దడ పుట్టింది. దానికి కారణం ఉంది. ఆవిడ చూపు నడిమధ్యలో మసకబారి చాలాకాలమైంది. అంచులు కనిపిస్తాయి, చూడాలనుకున్నది మాత్రం కనిపించదు. గోడ కనిపిస్తుంది, గోడ మీది గడియారం కనిపించదు. మనిషి భుజాలు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టడానికి చేతులుంటే చాలు గనక ఆ ఉద్యోగం సాగిపోతోంది. ఇంట్లోనూ వీధిలోనూ మాత్రం మొగుడి నోరే ఆవిడకు కళ్ళు. "ఇదిగో, మెట్టుంది." "ఇదిగో, ఎడంపక్క సైకిలొస్తోంది." పెళ్ళయిన నాటి నుంచి ఆయన పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. ఆ ఇంట్లో 'ఇదిగో' అంటే ఆవిడే.

ఆపరేషనయ్యాక ఆయన పలక మీద రాసి చూపిస్తే ఆవిడ చదవలేదు. సైగ చేస్తే ఆ సైగ పోయి పోయి మసకలోనే పడుతుంది. "మూగాయనకి గుడ్డామె. దేవుడు ఏరి కోరి ముడిపెట్టాడు" అని ఆయన నవ్వబోయి దగ్గాడు. ఆవిడకు నవ్వు రాలేదు. వీధిలో తను నిలబడి ఉంటే పక్కనే ఉన్న మనిషి నోరు తెరిచి మూయడం, తనకు ఏమీ వినపడకపోవడం, కళ్ళు మూసుకుంటే చాలు అదే కనిపించేది.

అప్పుడు ఆస్పత్రివాళ్ళే ఒక దారి చెప్పారు. వెనక భవనంలో పరిశోధన జరుగుతోందట. చర్మంలాగే సాగే పల్చటి పట్టీ ఒకటి చేశారట. అందులో దుమ్ముకంటే సన్నని అయస్కాంతపు రేణువులుంటాయి. దాన్ని గడ్డం కింద అంటిస్తే, కండరం కదిలినప్పుడల్లా అదీ సాగుతుంది. సాగినప్పుడల్లా అందులో ఇంత కరెంటు పుడుతుంది. ఆ కరెంటు తీరుని బట్టి మనిషి ఏమనబోయాడో యంత్రం పోల్చుకుని, జేబులో పట్టే స్పీకర్లోంచి అతని గొంతుతోనే పలుకుతుంది. స్వరపేటిక లేకపోయినా ఫరవాలేదు, మెడకండరాలూ నాలుకా కదిలితే చాలు. కాకపోతే గొంతు ఉండగానే మాటలన్నీ దానికి నేర్పాలి. ఒకసారి పైకి అనాలి, అదే మాట మళ్ళీ చప్పుడు లేకుండా పెదాలతో అనాలి.

ఆ పని చూసే అమ్మాయిని ఆయన మొదటిరోజే 'పట్టీ అమ్మాయి' చేసేశాడు. నవ్వుముఖం అయ్యుంటుందని ఆ పిల్ల గొంతుని బట్టి ఆయన భార్య అనుకుంది. "ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి బాబాయిగారూ. వేలం అక్కర్లేదు" అనేది. ఆయన అలాగే మాట్లాడేవాడు. సగం విసుగు, సగం పెత్తనం. రోజురోజుకీ గొంతు సన్నబడుతోంది. మూల కుర్చీలో కూర్చుని ఆవిడ ప్రతి మాటకీ ఊపిరి బిగబట్టేది. అడుగంటిన బావిలో చేద వేస్తున్నట్టుండేది ఆవిడకి, ఈసారి నీళ్ళు వస్తాయా, చేద రాతికి తగులుతుందా అని.

ఆపరేషన్‌కి ముందురోజు పొద్దున పరీక్ష పెట్టారు. ఆయన పెదాలు కదిపాడు. బల్ల మీది స్పీకరు, "టీ చల్లారిపోయింది, తాగు" అంది. అచ్చం ఆయనే. ఆ విసుగుతో సహా. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆయన ఉత్సాహంగా ఇంకా ఏవేవో అంటూనే ఉన్నాడు, స్పీకరు పలుకుతూనే ఉంది. ఆవిడ నవ్వుకుంటూ మంచినీళ్ళకని లేచింది.

"స్టూలుంది" అంది స్పీకరు.

ఆ అమ్మాయితో ఏదో చెబుతున్నాడనుకుని ఆవిడ ఆగలేదు. మోకాలు ఠపీమని స్టూలుకి తగిలింది. స్టూలు పడింది, దాని మీది గాజు గ్లాసు పగిలింది, ఆవిడ బల్ల పట్టుకుని నిలదొక్కుకుంది.

"చెబుతూనే ఉన్నా గదే! వినపడదూ?" ఈసారి ఆయన సొంత గొంతుతోనే కసిరాడు.

"నాకెక్కడ చెప్పారు? నన్ను పిలవందే నాకని ఎట్లా తెలుస్తుంది?"

"పిలిచాను!"

పిలిచాడు. యంత్రం మింగేసింది. పట్టీ అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని కాసేపు వెతికి, నెమ్మదిగా చెప్పింది. "పిన్నిగారూ, తప్పు మాదే. మాటల మధ్య దగ్గులూ, ఊఁలూ, ఆఁలూ యంత్రమే ఏరి పారేస్తుంది. బాబాయిగారు ప్రతి వాక్యానికీ ముందు 'ఇదిగో' అంటున్నారు గదా, అదీ ఊతపదమే అనుకుంది. మేమూ అలాగే అనుకుని వదిలేశాం. శుభ్రం చేసినవే దాచాం, అసలువి చెరిపేశాం."

"ఊతపదమే తల్లీ" అంది ఆవిడ. "నా ఊత అదే. అది తీసేసి మిగతావన్నీ దాచి ఏం లాభం?"

పాపం ఆ పిల్ల ఏడ్చినంత పని చేసింది. ఆ సాయంత్రమే ఆయన్ని వార్డులో చేర్చుకుంటారు. మళ్ళీ పట్టీ అంటించి, "ఒక్క ఆ మాటే అనండి బాబాయిగారూ" అంది. ఆయన గొంతు సవరించుకుని "ఇదిగో" అన్నాడు. అన్నాడు గానీ అది ఎవరిని పిలిచినట్టూ లేదు, మార్కెట్లో కొత్త సరుకు చూపించినట్టుంది. మళ్ళీ అన్నాడు. మళ్ళీ. తర్వాత పెదాలతో అంటే స్పీకరు కిమ్మనలేదు. కావాలని అన్నప్పుడు గొంతు ఒకలా కదులుతోందనీ, మామూలుగా అన్నప్పుడు ఇంకోలా కదులుతోందనీ, యంత్రం రెండిటినీ కలపలేకపోతోందనీ ఆ అమ్మాయి చెప్పింది. ఈలోగా ఆయన గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావడంలేదు.

"పోనీలే అమ్మడూ, ఈల వేస్తాలే" అన్నాడు గాలితోనే.

కుక్కని పిలిచినట్టా? ఆవిడకి ఒళ్ళు మండింది, ఆ మంట కిందే భయం. ఇంకో పూట గడిస్తే ఈ మనిషి తనని పిలవడం లోకంలో ఎక్కడా ఉండదు. ఎవరికీ చెప్పకుండా ఆవిడ లేచింది. ఊతకర్ర కుర్చీకే ఆనించి ఉంది, దాన్ని తీసుకోలేదు. గది తలుపు తెరిచే ఉంది. తలుపు దాటితే చిన్న వసారా, వసారా దాటితే కిందికి మెట్లు. వచ్చేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని ఎక్కిన మెట్లే. అక్కడిదాకా వెళ్ళి ఆగిపోదామనుకుంది. ఆయన పిలుస్తాడు, అంతే.

ఆయన పిలవలేదు. నీళ్ళకి వెళుతోందనుకున్నాడో ఏమో. ఆవిడ వసారాలోకి వచ్చేసింది. వెనక నుంచి చప్పుడు లేదు. ఇంకొంచెం ముందుకి వేసింది. బొటనవేలికి మెట్టు అంచు తగిలింది. ఇక్కడ ఆగాలి, ఆగకపోతే పిచ్చి పని అని తెలుసు. అయినా రెండో కాలు ఎత్తి ఖాళీలోకి చాపింది. కమ్మీ ఏ పక్కనుందో అప్పుడే మర్చిపోయింది. ఒంటికాలి మీద నిలబడలేక ఒళ్ళు ముందుకి తూలింది.

"ఇదిగో!"

అది మైకు గొంతు కాదు. మార్కెట్టు ఎన్నడూ వినని గొంతు. చిరిగి, చీలి, ప్రాణమంతా ఊడ్చుకుని వచ్చిన కేక. ఆవిడ గిర్రున వెనక్కి తిరిగి తడుముకుంటే కమ్మీ చేతికి దొరికింది. మరుక్షణం ఆయన చేతులు భుజాల మీద పడ్డాయి. తిడదామని నోరు తెరిచాడు, ఏమీ రాలేదు. ఇంక రాలేదు కూడా. అదే ఆ గొంతు ఆఖరి మాట.

గదిలోంచి పట్టీ అమ్మాయి, "పట్టీకి దొరికింది, యంత్రంలో కలిసింది" అంది. సంతోషపడాలో హడలిపోవాలో తెలియని గొంతు.

ఆపరేషన్ బాగా జరిగింది. గాయం మానాక పట్టీ అంటించి, కొద్దిగా సరిచేసి, ఇంటికి పంపారు. మిగతా మాటలన్నీ బాగానే ఉన్నాయి, వచ్చిన చిక్కల్లా ఆ పిలుపుతోనే. యంత్రం దగ్గరున్నది ఒకే ఒక్క 'ఇదిగో' గనక ఎప్పుడు పిలిచినా అదే కేక వచ్చేది. "ఇదిగో! టీలో చక్కెర తక్కువైంది." "ఇదిగో! దువ్వెనేదీ?" మొదటిరోజే పై వాటావాళ్ళు కొంప మునిగిందనుకుని పరుగెత్తుకొచ్చారు. పిలిచిన ప్రతిసారీ ఆవిడ పైప్రాణాలు పైనే పోయేవి, కాలి కింద మెట్టు జారినట్టుండేది. అది చూసి ఆయన చిన్నబోయేవాడు. తనిఖీకి వెళ్ళినప్పుడు పట్టీ అమ్మాయి, "ఇంకో నమూనా ఎక్కణ్ణించీ తేలేం పిన్నిగారూ. అంత ఇబ్బందిగా ఉంటే తీసేస్తాను" అంది.

"తీసెయ్" అంది ఆయన స్పీకరు.

"వద్దు" అంది ఆవిడ.

తీయలేదు. కానీ ఇంటికొచ్చాక ఆయన పిలవడం మానేశాడు. మాటలు మాత్రం ఎటో గాల్లోకి వదిలేవాడు, అందితే అందుకో అన్నట్టు. ఆ మధ్యాహ్నం ఆవిడ కిటికీ దగ్గర దుప్పటి మడతపెడుతోంది.

"చొక్కా గుండీ ఊడింది" అంది స్పీకరు.

ఆవిడ దుప్పటి అంచులు రెండూ కలిపింది.

"గుండీ ఊడిందంటున్నాను."

"ఎవరితో అంటున్నారు?"

గుండీ బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత స్పీకరు, "నువ్వు భయపడుతున్నావు" అంది. పాత రికార్డింగుల్లో ఎక్కడి విసుగో ఆ మాటకి అంటుకుని వచ్చింది గానీ, అన్న మనిషికి విసుగు లేదని ఆవిడకి తెలుసు.

"పడతాను. పిలిస్తే ఒక్క క్షణం భయం. పిలవకపోతే రోజంతా భయం. మీరు గదిలో ఉన్నారో లేరో తెలీక చస్తున్నాను. ఇన్నేళ్ళూ ఉల్లిపాయల బస్తాని పిలిచినట్టు పిలిచారు, నేను పడిపోతానంటే మీకు అంత భయమని ఎప్పుడైనా చెప్పారా? ఇప్పుడు తెలిసింది. తెలిసిందాన్ని దాచెయ్యకండి."

కుర్చీ కిర్రుమంది. ఆయన తన వైపు తిరిగాడని ఆవిడకి అర్థమైంది. దుప్పటి ఒళ్ళో పెట్టుకుని, చేతులతో దాన్ని గట్టిగా పట్టుకుని, ఎదురుచూసింది.

"ఇదిగో!"

గుండె గుభేలుమంది.

"ఆఁ, చెప్పండి" అంది.