బయ్యప్ప సారు బేస్‌బాల్ జోస్యాలు

చింతామణిలో బయ్యప్ప సారు పేరెత్తితే ముందు నవ్వొస్తుంది, గౌరవం ఆ తర్వాతే. పాతికేళ్ల కిందట, డ్రిల్లు మేష్టరుగా ఉన్న రోజుల్లో, ఆయన స్కూలు వార్షిక సంచికలో బేస్‌బాల్ భవిష్యత్తు గురించి ఒక పేజీ రాశారు. పదేళ్లలో క్రికెట్ బ్యాట్లు పొయ్యిలోకి పోతాయన్నారు. తాలూకాకో బేస్‌బాల్ మైదానం వస్తుందన్నారు. ఇండియా జట్టులో సగం మంది మా పక్క బాగేపల్లి పిల్లలే ఉంటారని కూడా రాసేశారు. ఇంత మాట అచ్చులో పడ్డాక జనం ఊరుకుంటారా? క్రికెట్ మ్యాచి జరిగిన ప్రతిసారీ ఎవడో ఒకడు, "ఏం సార్, బ్యాటు పొయ్యిలో పెట్టేదా?" అని అడిగేవాడు. మైదానానికని ఆయన చూపించిన స్థలంలో లేఅవుటు వేసి ఇళ్ల సైట్లు అమ్ముకున్నారు.

నిజం చెప్పాలంటే ఆ పేజీలో రెండు మాటలు ఫలించాయి. ఈ ఆటలో ఆడపిల్లలు మగపిల్లల్ని మించిపోతారన్నారు, మించిపోయారు. మన ఊళ్లోనూ మనిషికి బదులు యంత్రం బంతి విసురుతుందన్నారు, అదీ వచ్చింది. కానీ ఫలించినవాటిని గుర్తుపెట్టుకునే తీరిక ఎవరికుంది? నవ్వుకోవడానికి పనికొచ్చేవే జనం నోళ్లలో నిలిచాయి. ఆ నవ్వులకు సారు లోలోపల చితికిపోయారు. రేపు వాన పడేలా ఉందని అనడం కూడా మానేసి పదేళ్లయింది.

ఈ ఏడు ఆయుధపూజకు రమ్మని పాత శిష్యుడు రూపేష్ పిలిచాడు. ఊరి బయట ఎకరా నేల అద్దెకు తీసుకుని పిల్లలకు బేస్‌బాల్ నేర్పుతున్నాడతను. బంతి విసిరే యంత్రం వచ్చింది అక్కడికే. మూడు కాళ్ల స్టాండు మీద, ఒకదాని పైన ఒకటిగా రెండు రబ్బరు చక్రాలు. అవి తిరుగుతుండగా మధ్యలో బంతి పెడితే చాలు, కంటికి ఆనకుండా దూసుకుపోతుంది.

సారు వెళ్లేసరికి పూజ అయిపోయింది. బ్యాట్లు, గ్లౌజులు, హెల్మెట్లు అన్నీ పటం ముందు పేర్చి, కుంకుమ పెట్టి, చెండుపూలు వేశారు. యంత్రాన్ని మరీ ముద్దు చేశారు. విభూది పట్టెలు, పూలదండ, చక్రాలకు చిక్కగా కలిపిన పసుపు. పై చక్రానికైతే పిల్లలు పోటీపడి పూసినట్టున్నారు. ముద్ద ఇంకా ఆరలేదు, ఎండకు తడితడిగా మెరుస్తోంది. సారు చూపు ఆ తడి మీదే ఆగింది.

"బండికి పూజ చేసినాక ఒక సుట్టు తిప్పాల గదా సార్," అన్నాడు రూపేష్ హుషారుగా. "దీనికీ ఒక బాలు ఏసి శుభం చేస్తాం. రక్షితా, వచ్చి నిలబడు పాపా!"

రక్షిత కైవారం పిల్ల. పదిహేనేళ్లు. రాష్ట్ర జట్టుకు ఎంపికైంది, వచ్చే వారం బెంగళూరులో క్యాంపు. ఆ పిల్ల బ్యాటు పట్టుకుంటే సారుకు తన పేజీ అంతా తప్పు కాదనిపించేది. ఆమె హెల్మెట్ కోసం పటం వైపు వంగితే తల్లి అంబిక చటుక్కున ఆపింది.

"వద్దు పాపా, పూజకు పెట్టిండేవి రేపటిదాకా ముట్టకూడదు."

"ఒక్క బాలే గదక్కా, ఏం కాదులే," అన్నాడు రూపేష్.

పూజలో పెట్టని పాత బ్యాటొకటి గోడకు ఆనించి ఉంటే రక్షిత అదే తీసుకుని వట్టి తలతోనే నిలబడింది. అంబిక వీడియో తీయడానికి ఫోను పైకెత్తింది. మోటారు వేశారు. చక్రాల రొద సన్నగా మొదలై పెరుగుతూ పోయింది.

సారు లేచి నిలబడ్డారు. కింది చక్రం బంతిని పట్టుకుంటుంది, పైది పసుపు తడికి జారిపోతుంది. బంతి పైకి లేస్తుంది. ఇందులో జోస్యమేమీ లేదు, ముప్పయ్యేళ్లు బంతితో బతికిన మనిషికి తెలిసే సంగతి.

"రూపేషా!" అన్నారు.

"ఏం సార్?"

అందరూ ఆయన వైపు తిరిగారు. పక్క కుర్చీలోని లెక్కల మేష్టరు మునినారాయణ పకపకా నవ్వాడు. "ఉండండప్పా, ఉండండి! సారు మళ్లా జోస్యం చెప్తాండారు!"

పిల్లలు గొల్లుమన్నారు. ఎండకు కళ్లు చికిలించి రక్షిత కూడా నవ్వింది. సారు ముఖం చెవుల దాకా వేడెక్కింది.

"ఏం లేదులేప్పా, కానియ్," అని కూర్చున్నారు.

రూపేష్ బంతి పెట్టాడు. పసుపు తుంపర లేచింది. బంతి నడుము ఎత్తున పోలేదు. అందరికీ ఒక చప్పుడు మాత్రం వినిపించింది. చూసేసరికి రక్షిత రెండు చేతులతో ముఖం పట్టుకుని మోకాళ్ల మీద ఉంది.

సాయంత్రానికి చిక్కబళ్లాపురం ఆసుపత్రిలో డాక్టరు బయటికొచ్చి, ఎడమ కంటికి ఇక చూపు రాదని చెప్పారు. రూపేష్ గోడకు తల కొట్టుకుని ఏడ్చాడు.

"ఇట్లయితాదని ఎవురికి తెలుస్తాది సార్?"

"అవునప్పా, ఎవురికి తెలుస్తాది," అంది అంబిక, సారు పక్కన బెంచీ మీద కూర్చుని. ఆమె గొంతులో నింద లేదు. "మా పాప రాత."

అక్కడితో వదిలేస్తే సరిపోయేది. ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదు, ఇక ముందూ అడగరు. ఆ ఓదార్పు కిందే తల దాచుకుని బతికేయొచ్చు. సారు వల్ల కాలేదు.

"నాకు తెలుసమ్మా," అన్నారు. "చక్రం మీద తడి చూసినా. బాలు పైకి లేస్తాదని తెలుసు. నగుతారని చెప్పలేదు."

అంబిక కొంగు సర్దుకుని లేచి, అవతలి గోడ దగ్గరికి వెళ్లి, ఆయనకు వీపు పెట్టి నిలబడింది.