అడ్డాకు పట్టిన చెయ్యి

పదకొండు కేజీలు, పోయిన నెల నాలుగు, ఇప్పుడు పదకొండు, పిడికిలి పట్టు కొలిచే స్ప్రింగు పరికరం అబద్ధం చెప్పదు, మరి గున్నయ్య చేతిలో టీ గ్లాసు ఎందుకు నిలవదు, అనుకుంటూ రామతులసి అతని కార్డు తిప్పింది, కొరాపుట్ ఆస్పత్రిలో ఆమె వ్యాయామాలు చేయించే ఆ చిన్న గది కిటికీ అవతల మంచు ఇంకా వదల్లేదు, పదకొండింటికి మెడికల్ బోర్డు, పక్షవాతం వచ్చిన కుడిచెయ్యి ఇక పనికిరాదని వాళ్ళు రాసేస్తే ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు ఫిట్టరుగా చేసిన మనిషికి ఈ పూటతో ఉద్యోగం సరి, క్వార్టరు సరి, పదకొండు కేజీలని చూపిస్తే చాలదూ, చాలదు, ముందు గ్లాసు పట్టుకోమంటారు, పట్టుకోలేడు.

ఎందుకు, మళ్ళీ అదే మాట, విశాఖ నుంచి, తనకి చదువు చెప్పిన సోమేశ్వరరావు మాష్టారి ఉత్తరం నిండా అదే, పద్నాలుగుమంది రోగుల అంకెలు పంపావు తల్లీ, ఏం జరిగిందో రాశావు, ఎందుకు జరిగిందో ఒక్క ముక్క రాయలేదు, సిద్ధాంతం లేని పరిశోధన చీటీలు అంటించని మందుసీసాల బీరువా, ఏ రోగికి ఏది పొయ్యాలో ఎలా తెలుస్తుంది, అది చదివి ఎంత ఉడికిపోయింది తను, సముద్రపు గాలికి కూర్చుని సిద్ధాంతాలు అడగడం తేలికే, ఈ కొండలెక్కి వచ్చి ఒక్క వేలు కదిలించమనండి చూద్దాం, అని తిట్టుకుంది కూడా, కానీ ఆ వేలు ఎందుకు కదులుతుందో నిజంగా తనకూ తెలియదు, గురువారం ఆస్పత్రి వరండాలో తెలిసి ఉండాల్సింది, గురువారమా, అవును, నందపూర్ సంతకి విస్తళ్ళు కుట్టాలని గున్నయ్య పెళ్ళాం అప్పమ్మ అడ్డాకుల కట్ట విప్పుకుని కూర్చుంది, పక్కన అతనూ, ఎడంచేత్తో వెదురుపుల్ల గుచ్చుతున్నాడు, రామతులసి చూసి కసిరింది, కార్డులో లేని పని చెయ్యొద్దన్నానా, ఎడంచెయ్యి అంతా చేసేస్తే కుడిది బద్ధకిస్తుంది, అతను నవ్వేడు, అయితే కార్డులో అడ్డాకు రాసీ డాట్రమ్మా, నీ రబ్బరు బంతి నెల్లాళ్ళు పిసికేను, సుక్క రసం రానేదు, అప్పమ్మ వెంటనే అందుకుంది, బంతికే బలమొచ్చినాది గాని మా మావ సేతికి రానేదమ్మా, తను నవ్వకుండా ఆకు లాక్కుంది.

లాక్కుంది, కానీ వెంటనే రాలేదు, ఎలా మరిచిపోయింది ఆ సంగతి, ఆకు రాలేదు, గట్టిగా లాగితే గాని రాలేదు, గ్లాసు నిలవని ఆ వేళ్ళు ఆకుని పట్టుకునే ఉన్నాయి, చిరగనివ్వకుండా, జారనివ్వకుండా, ఎంత ఒత్తిడి కావాలో అంతే, తను లాగేసుకున్నాక ఆ చెయ్యి మళ్ళీ ఒడిలో చచ్చినట్టు పడిపోయింది, అయ్యో, లాగేసింది తనే కదా, గున్నయ్యా లోపలికి రా, ప్యూను కేక, పదకొండయిపోయింది, రామతులసి కార్డు బల్లమీదే వదిలేసి వరండాలోకి పరుగెత్తింది, అప్పమ్మా ఆకులున్నాయా, ఏటమ్మా మళ్ళీ తిడతావేటి, లేదు, తొందరగా ఇవ్వు, రెండు పుల్లలు కూడా.

బోర్డు పెద్ద డాక్టరు స్ప్రింగు తీస్తుంటే ఆమె అడ్డంపడి, అది తర్వాత సార్ అని బల్లమీద ఆకులు పరిచింది, గున్నయ్య ఆమె మొహం చూసేడు, ఇప్పుడు కార్డులో ఉందేటి డాట్రమ్మా, ఉంది బాబూ, కుట్టు, ఎడంచెయ్యి పుల్ల ఎత్తింది, ఒక క్షణం ఏమీ లేదు, ఆ తర్వాత కుడిచెయ్యి ఒడిలోంచి నెమ్మదిగా వచ్చి, పిలిస్తే వచ్చినట్టు వచ్చి, ఆకు అంచుని అదిమిపట్టింది, ఒక కుట్టు, రెండు, మూడు, పెద్ద డాక్టరు స్ప్రింగు పక్కన పెట్టి, టూల్‌రూంలో తేలిక పని ఇవ్వవచ్చు అని రాస్తూ, గ్లాసు పట్టనివాడు ఇదెలా పట్టాడమ్మా, ఎందుకంటావు, అని అడిగేడు, మాష్టారి మాటే, అదే ఎందుకు, ఈసారి ఉడుకుమోత్తనం రాలేదు, ఆ వేళ్ళ కింద ఆకు అదురు లేకుండా నిలిచి ఉంది, తను ఇన్నాళ్ళూ ఆ చేతిని ఒంటరిగా కూర్చోబెట్టి బలం పెంచింది, దానికి తక్కువైంది బలం కాదు, ఎడంచేతికి దాని సాయం అవసరం పడటం.