గాడిలో నిలవలేకపోయిన గొలుసు

నేను ఒక గొలుసుని. మెడలో వేసుకుని మురిసిపోయే గొలుసు అనుకునేరు, ఆ భాగ్యం నాకు లేదు. చెట్లు కోసే మిషన్ రంపం చుట్టూ తిరిగే గొలుసుని. పైన పళ్ళు, కింద పొట్టి పొట్టి కాళ్ళు. పళ్ళ సంగతి అందరికీ కనపడుతుంది, అసలు పని మాత్రం కాళ్ళది. రంపానికి ముందువైపు పొడవాటి ఇనుప పట్టీ ఉంటుంది. దాని అంచు వెంబడి సన్నటి గాడి. నా కాళ్ళు ఆ గాడిలో ఉన్నంతసేపే నేను పనిముట్టుని. బయటికొచ్చానా, ఎవరి మీద పడతానో నాకే తెలియదు.

ఎక్కడో కార్ఖానాలో పుట్టాను. నా ముక్కలు బిగించినవాళ్ళు నన్ను సరిగ్గా చూడను కూడా లేదు. డబ్బాలో ముడుచుకుని కందుకూరు వచ్చి, ఖాజావలి రిపేరు కొట్లో ఆర్నెల్లు మేకుకు వేలాడి, చివరికి మాలకొండయ్య చేతిలో పడ్డాను. జామాయిల్ తోటలు కోసే మనిషి. అతను కోస్తూ పోతుంటే భార్య రత్తమ్మ వెనకాల కూర్చుని కర్రల బెరడు ఒలిచేది.

మాలకొండయ్య నన్ను చూసుకున్నట్టు తన ఒంటిని కూడా చూసుకోలేదు. రోజూ పొద్దున్నే పట్టీ కొనను కాస్త పైకెత్తి పట్టుకుని మర బిగించేవాడు. రెండు వేళ్ళతో నన్ను లాగి వదిలేవాడు. గోరు దూరేంత సందు రావాలి, వదలగానే చప్పున గాడిలో కూర్చోవాలి. అంతకంటే వదులైతే జారతాను, బిగువైతే పట్టీని తినేస్తాను. పని మధ్యలో కాగి సాగిపోతే, చల్లారేదాకా ఆగి అప్పుడు బిగించేవాడు. చివరికి ఖాళీ సిమెంటు సంచి మీదికి కొన చూపించి నన్ను ఓసారి పరుగెత్తించేవాడు. సంచి మీద నూనె చుక్కలు పడితే గాడిలోకి నూనె దిగుతున్నట్టు లెక్క. “పెళ్ళికూతుర్ని ముస్తాబు చేస్తన్నావేందిరా!” అని తోటివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. నేను మాత్రం లోపల్లోపల మహా పొంగిపోయేదాన్ని.

ఇలా ఉండగా పక్క తోటలో రంపం జారి ఒకతని తొడ తెగింది. అప్పట్నుంచి రత్తమ్మకు ప్రాణం ప్రాణంలో లేదు. నా మోత ఆగిన ప్రతిసారీ తలెత్తి చూసేది. మొగుడు కనపడితేగాని ఆమె చేతిలో పని సాగేది కాదు.

దసరా వచ్చింది. ఆయుధ పూజకని మాలకొండయ్య నన్నూ పట్టీనీ ఊడదీసి, కడిగి, పీట మీద పెట్టాడు. రత్తమ్మ పసుపు ముద్ద కలిపి పట్టీకి రెండువైపులా మందంగా పూసింది, కుంకుమ బొట్లు పెట్టింది. కళ్ళు మూసుకుని ఏం కోరుకుందో నేను వేరే చెప్పాలా? పట్టీ మొదట్లో బియ్యపు గింజంత బెజ్జం ఉంటుంది. నూనె గాడిలోకి దిగేది అందులోంచే. పసుపు అందులోకి పోయి, తెల్లారేసరికి ఎండి రాయైపోయింది.

మర్నాడు నన్ను బిగించబోతూ మాలకొండయ్య పిన్నీసు తీశాడు. రోజూ ఆ బెజ్జాన్ని పొడిచి శుభ్రం చేయడం అతని అలవాటు. రత్తమ్మ చెయ్యి పట్టుకుంది.

“మూడు పొద్దులు దాన్ని గీకబాక మావా. పూజ చేసిన పసుపు గీకితే కీడు.”

“నూనె రాకపోతే గొలుసు కాలిపోద్ది గదే!”

“వచ్చిద్దిలే. నా మాట ఇనవయ్యా, నీకు దణ్ణం పెడతా.”

ఆమె కళ్ళలో నీళ్ళు చూసి పిన్నీసు జేబులో వేసుకున్నాడు. ఏం మనుషులండీ బాబూ! నాకు దణ్ణం పెట్టి, నా గొంతులో పసుపు కుక్కి, పైగా నన్నే కాపాడమంటారు. ఆ పొద్దు సంచి మీద ఒక్క చుక్క పడింది, అంతే. మాలకొండయ్య చూశాడు. చూసి కూడా, “పోను పోను దిగుద్దిలే” అని తనకు తానే చెప్పుకున్నాడు.

గంట తిరక్కుండా ఒళ్ళంతా మంటలు. సాగిపోయి పట్టీ కింద వేలాడాను. అవతల కర్రలు ఎత్తుకుపోయే లారీ వచ్చి నిలబడింది. చల్లారేదాకా ఆగకుండా వేడి మీదే బిగించాడు. అన్నాల వేళకు చల్లారి కదలకుండా బిగుసుకుపోయాను. మళ్ళీ వదులు చేశాడు. మళ్ళీ కాగాను, మళ్ళీ సాగాను. కాళ్ళు గాడిలో ఆనడం లేదని తెలుస్తూనే ఉంది. ఆగు నాయనా, ఆగు అని అరిచి గీపెట్టాను. నా అరుపు అతనికి రోజూ వినే మోతే. పడిన మానుకు కొమ్మలు కొడుతుంటే సన్న కొమ్మ ఒకటి పక్కనుంచి తోసింది. గాడిలోంచి లేచి వెనక్కి కొట్టాను. జారిన గొలుసును ఆపడానికి రంపం కింద ఉండే కొక్కెం ఎప్పుడో విరిగిపోయింది. మాలకొండయ్య కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. ఎన్ని సాకులు చెప్పినా తీసింది నేనే.

నెల తర్వాత, కట్టు కట్టిన చేత్తోనే, రంపం అమ్ముదామని ఖాజావలి కొట్టుకు తెచ్చాడు. ఖాజావలి నన్ను ఊడదీసి బల్ల మీద పెట్టి, సూదితో పట్టీ బెజ్జం పొడిస్తే పసుపు పెళ్ళ రాలింది.

“ఇదే అన్నా, నీ చెయ్యి తీసింది” అన్నాడు.

మాలకొండయ్య ఆ పెళ్ళను ఎడమ అరచేతిలోకి తీసుకున్నాడు. “ఈ మాట మా యింటిదాని చెవిన పడనీబాక ఖాజా. తెలిస్తే అది బతకదు.”

అతని వెంట వచ్చి బయటే నిలబడ్డ రత్తమ్మ అప్పుడు లోపలికి వచ్చింది. అతను పెళ్ళను కిందికి జారవిడిచి చెప్పుతో రాసేశాడు.

“నేనే పూజలో ఏదో లోపం చేశా మావా. ఇంకాస్త శ్రద్ధగా చేసుండాల్సింది” అంది ఆమె ఏడుస్తూ.

“నీ పూజకేందే, బాగానే చేశావు. ఈ గొలుసే పాడుది. కొన్నకాడ్నించీ ఇంతే.”

ఖాజావలి తల దించుకున్నాడు. నాకు చచ్చేంత రోషం వచ్చింది. రోజూ రెండు వేళ్ళతో నన్ను లాగి చూసుకున్న మనిషేనా ఈ మాటన్నది! రత్తమ్మ నన్ను బల్ల మీంచి లాక్కుంది. “నీ నోట్లో మన్ను పడ! ఆయన చేతికి నువ్వే దొరికావంటే!” అని తిట్టి తుక్కు కుప్పలోకి విసిరికొట్టింది.

ఇంకా అక్కడే ఉన్నాను. తుప్పుకు నా కాళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇప్పుడు వాళ్ళింట్లో అతనికి అన్నం ముద్ద కూడా ఆమే కలిపి పెడుతోందట. ఒక్కతే కూలికి పోతూ ఈ కొట్టు ముందు ఆగుతుంది, కుప్పలో నన్ను వెతికి చూసి, తిట్టి వెళుతుంది. తిట్టనివ్వండి. నాకు నోరొచ్చినా చెప్పను. నన్ను తిట్టే ఆ కాసేపైనా ఆమె తనను తాను తిట్టుకోదు.