పున్నమ్మ జీపుకు ఎర్ర ఫిల్టరు

కొత్త సంవత్సరం పూజ చేయించుకొస్తానని కోటేష్ పెదకాకాని తీసుకెళ్లిన జీపు బంతిపూల దండతో తిరిగొచ్చింది. దండతో పాటు, వీధి మొదట్లో ఉండగానే ఇంట్లోకి వినపడే కొత్త గొంతు కూడా తెచ్చుకుంది.

పున్నమ్మ బానెట్ ఎత్తి చూసింది. ఏళ్ల తరబడి తన చేత్తో కడిగి, నూనె మార్చి బిగించుకుంటున్న ఇనప గిన్నె అక్కడ లేదు. ఇంజన్ పీల్చే గాలి ముందు ఆ గిన్నెలోకి పోయి, దుమ్మంతా నూనెకు వదిలేసి లోపలికి వెళ్లేది. ఇప్పుడక్కడ కోటప్పకొండ ప్రభంత సింగారంతో ఎర్రటి గరాటా ఒకటి మెరుస్తోంది.

"ఏందిరా ఇది?"

"కొత్త ఎయిర్ ఫిల్టర్ అత్తా! ఇప్పుడు గాలి బాగా పీలుస్తది. పికప్ చూడు ఎట్టా ఉంటదో!"

కోటేష్ ఆమె అన్న కొడుకు. గుంటూరులో కార్లకు సీటు కవర్లు, హారన్లు బిగించే కొట్టు పెట్టాడు. అప్పట్నుంచీ చుట్టాల బండ్లన్నీ వాడికి సొంత బండ్లే.

"నన్నడిగావా?"

"అడిగితే ఒద్దంటావుగా!"

పున్నమ్మకు ఒళ్లు మండిపోయింది. భర్త బుల్లయ్యకు చూపు మందగించాక ఆ జీపు తోలేది ఆమే. ఆడమనిషి జీపు తోలడమేంటని ఊరంతా నోళ్లు నొక్కుకున్నా లెక్కచేయలేదు. ఏ శబ్దం దేనికొస్తుందో, ఎక్కడ గేరు మార్చాలో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. అలాంటి బండి కడుపులో చెయ్యి పెట్టి కెలికినవాడు ఒక్క మాట అడగక్కర్లేదా? ఇంట్లో చీపురు మార్చాలన్నా అడుగుతారే!

మర్నాడే పత్తి బోరాలు వేసుకుని కాలవకట్ట ఎక్కింది. ఎన్నడూ రెండో గేరులో ఎక్కే కట్ట ఆ రోజు మొదటి గేరు అడిగింది. అరుపు మాత్రం లారీ అంత. ఇంటికి రాగానే ఫోన్ చేసి కడిగేసింది.

"చప్పుడే గానీ లాగుడు లేదురా! నా గిన్నె నాకు తెచ్చి పెట్టు."

"పాత ఇంజన్ గదత్తా, అలవాటు పడాల. ఆదివారం తెస్తాలే."

ఆదివారం వచ్చాడు. చేతులూపుకుంటూ వచ్చాడు. గిన్నె సంగతి అడిగితే టీ పెట్టమన్నాడు.

టీ పొయ్యి మీద ఉండగానే కల్లం నుంచి కరీమున్ ఫోన్ చేసింది. మిరపకాయలు ఏరే కూలీలకు మేస్త్రీ ఆమె.

"పున్నమ్మక్కా! మబ్బు కమ్ముకొస్తంది. పట్టాలు తీసుకుని తొందరగా రా. తడిస్తే కాయంతా తెల్లబడి తాలైపోద్ది!"

ఏడాది పంట మొత్తం కల్లంలో ఎండి, రాశి పోసి ఉంది. చిరుగులు కుట్టించడానికని పట్టాలన్నీ ఇంటికి తెచ్చి ఉన్నాయి. పొయ్యి ఆర్పేసి, కోటేష్‌తో వాటిని జీపులోకి ఎత్తించి బయల్దేరింది.

కట్ట సగం ఎక్కేసరికి జీపు నల్లటి పొగ కక్కింది. గేరు తగ్గించినా కదల్లేదు. ఒగర్చి ఒగర్చి ఆగిపోయింది.

"రేజ్ చెయ్యత్తా!" అన్నాడు కోటేష్.

"నోర్ముయ్!"

బానెట్ ఎత్తింది. ఎర్ర గరాటా ఇప్పుడు ఎర్రగా లేదు. వారం రోజుల పత్తి నూగు దాని చుట్టూ టోపీలా పేరుకుంది. ఆ నూగు మీద కల్లం దుమ్ము అట్ట కట్టింది. గాలి దూరడానికి సూదంత సందు లేదు. ఒక్క ఊపున దాన్ని లాగి కాలవలోకి విసిరేసింది.

"అత్తా! ఫిల్టర్ లేకుండా తోలితే ఇంజన్ పోద్ది!"

"ఇప్పుడు గుర్తొచ్చిందా నీకు? నా కాయ పోతంది రా అక్కడ!"

పైట కొంగు పరపరా చించి, కాలవలో తడిపి, పిండి, ఇంజన్‌కు గాలి పోయే గొట్టం మూతికి రెండు మడతలు వేసి తీగతో కట్టింది. దగ్గుతూ మూలుగుతూ జీపు కట్ట దాటింది. కల్లం చేరేసరికే వాన దంచుతోంది. కరీమున్, కూలీలు తమ దుప్పట్లు రాశి మీద కప్పి, వాటి మీద తామే బోర్లా పడుకుని ఉన్నారు. అది చూసి పున్నమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. అందరూ కలిసి పట్టాలు లాగారు. పడమటి వైపు కాయ మాత్రం అప్పటికే నానిపోయింది.

కోటేష్ రాత్రే ఇంటికి జారుకున్నాడు; తెల్లవారగానే పున్నమ్మ అదే జీపులో వాడింటికెళ్లింది. పెరట్లో ఆమె గిన్నె కనిపించింది. అందులో కోళ్లు నీళ్లు తాగుతున్నాయి.

"పాత సామానే గదా అని..." నసిగాడు కోటేష్.

పున్నమ్మ నీళ్లు పారబోసి, గిన్నెను చంకన పెట్టుకుని, వాడి రెక్క పట్టుకుని జీపు దాకా నడిపించింది. గిన్నె కడిగించి, తుడిపించి, నూనె పోయించి వాడి చేతే బిగింపించింది. జీపు మునుపటిలా గుట్టుగా, రెండో గేరులో కట్ట ఎక్కింది. పక్క సీట్లో కోటేష్ తల దించుకుని కూర్చున్నాడు.

కల్లంలో వాణ్ణి తడిసిన కాయ ముందు కూర్చోబెట్టింది. తెల్లబారిన కాయంతా ఏరాలి. పొద్దెక్కేసరికి వాడి కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి.

"చేతులు మండిపోతన్నాయత్తా!"

"నాకు నిన్నట్నుంచీ కడుపు మండిపోతందిరా," అంది పున్నమ్మ. వాడి ముందు ఇంకో గంప కాయ కుమ్మరించింది.