పెద్దమ్మ కాదన్న మాట

ఆ లాండ్రీలో రోజూ పొద్దున పదింటికి బాయిలర్ మాట్లాడేది. ఆవిరి ఉన్నచోట చప్పుడు ఉంటుంది, అందులో వింతేం లేదు. కాకపోతే అక్కడ మాట్లాడేది దేవుడు. "నీలం చొక్కా జేబులో ఉత్తరం ఉంది, తడవకముందే తియ్యండి" అనేవాడు. "ఆసుపత్రి దుప్పట్లు ఇంకోసారి జాడించండి, సబ్బు పోలేదు" అనేవాడు. యజమానురాలు పెద్దమ్మ చేతులు జోడించి "అలాగే నాయనా" అనేది. పని జరిగిపోయేది. ముప్పై ఏళ్ళలో ఒక్క మాటా తప్పు కాలేదు. అందుకే ఏది మంచి, ఏది చెడు అని అక్కడ ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకునేవాళ్ళు కాదు. పదింటిదాకా ఆగితే ఆయనే చెప్తాడు కదా!

ఆ రోజు ఇస్త్రీ ఆవిడ తొమ్మిదిన్నరకే మూడు డజన్ల దిండు గలేబులు మడతపెట్టేసింది. చేతులు ఊరుకోవడం లేదు మరి. దొంగతనం చేసి ఏడాదిన్నర జైల్లో ఉండి వచ్చిన మనిషి. ఈ పనిలో చేరి నెలయింది. ఏడేళ్ళ కూతురు పిల్లల హోమ్‌లో ఉంది. తల్లికి ఉద్యోగం ఉందో లేదో చూడ్డానికి పదకొండింటికి ఆఫీసరమ్మ వస్తుంది. ఉంటే పాప తల్లి దగ్గరికి. లేకపోతే ఇంకెవరింటికో.

పదయింది. బాయిలర్ గొంతు సవరించుకుంది.

"ఇస్త్రీ అమ్మాయిని ఇవాళే పంపించేయండి."

ఇస్త్రీ ఆవిడ నడుముకి కట్టుకున్న గుడ్డ ముడి విప్పబోయింది, లాగేకొద్దీ అది ఇంకా బిగిసింది. జడ్జి కాదంటే పైకోర్టుకి వెళ్ళొచ్చు. ఈయన కాదంటే ఎక్కడికి పోతాం?

"ఆయన చెప్పాడంటే మంచికే అత్తయ్యా" అంది పెద్దమ్మ కోడలు.

"ఏ విధంగా చూసినా అంతే" అన్నాడు అల్లుడు. "జైలుకెళ్ళొచ్చిన మనిషిని పెట్టుకున్నామని ఆసుపత్రి వాళ్ళు ఇప్పటికే గొణుగుతున్నారు. పదిమంది పొట్టలు నిండాలంటే ఒక్కరు సర్దుకోవాలి."

బట్టలుతికే తాత బకెట్ కింద పెట్టాడు. "రేపు ఏ తప్పూ లేకుండా నిన్నే గెంటేస్తే సర్దుకుంటావా అల్లుడూ?"

"నన్నెందుకు గెంటేస్తారు?"

"అదిగో, దొరికిపోయావ్."

పెద్దమ్మ ఎవరివైపూ చూడలేదు. తిన్నగా బాయిలర్ ముందుకెళ్ళి నడుం మీద చెయ్యేసుకుంది.

"ఏమయ్యా, ఈ పిల్ల చేసిన తప్పేంటి?"

"నేను చెప్పాను" అన్నాడు దేవుడు.

"చెప్పావు, విన్నాను. ముప్పై ఏళ్ళూ నీ మాట విన్నది నువ్వు గట్టిగా ఈలేస్తావని కాదు. నువ్వు జాడించమన్న దుప్పట్లో నిజంగానే సబ్బు ఉండేది. మంచివాడివని తెలిసే నీకు మొక్కాను. ఇవాళ ఈ పిల్లని వీధిలో నిలబెట్టి, రేపు నీ ముందు ఏ మొహంతో నిలబడను? నేను చెయ్యను. కోపమొస్తే చల్లారిపో, మేం బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసుకుంటాం."

భక్తి అంటే అదండీ! ఆయన్ని అంతగా నమ్మినవాళ్ళే ఆయనతో అలా పోట్లాడగలరు.

కోడలు చెవులు మూసుకుంది. బాయిలర్ పేలలేదు, చల్లారనూ లేదు. అంతకుముందులాగే బుసబుసమంటూ ఉంది.

పదకొండింటికి ఆఫీసరమ్మ వచ్చి ఇస్త్రీ బల్ల మీద కాగితం పరిచింది.

"ఉద్యోగం ఉందా?"

"ఉంది, ఉంటుంది" అంది పెద్దమ్మ.

"ఈమె నడవడికకి ఇంకొకరు హామీ ఉండాలి. యజమాని పనికిరారు."

అల్లుడు పైకప్పు వైపు చూశాడు. తాత నోరు తెరిచేలోపే బాయిలర్‌లోంచి మాట వచ్చింది.

"నేనుంటాను."

ఆఫీసరమ్మ అటు తిరిగింది. "మీరిక్కడ ఎన్నేళ్ళ నుంచి?"

"ముప్పై."

"అయితే సంతకం పెట్టండి."

ఇస్త్రీ ఆవిడ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని ఆవిరి గొట్టం దగ్గరికి తీసుకెళ్ళింది. ఉస్సుమని ఒకే ఒక్క ఊపిరి. కాగితం మీద గుండ్రంగా తడి ముద్ర పడింది. అక్షరం ఒక్కటీ చెదరలేదు.

ఆఫీసరమ్మ అది ఆరేదాకా నోటితో ఊదింది.

"రేపు తొమ్మిదింటికి రండమ్మా" అంది. "పాప కాస్త పొడుగైంది. గౌను ఒక సైజు పెద్దది తెచ్చుకోండి."