మూడు దెబ్బలకి మీటింగ్ మొదలు

నేను ఒక గుండ్రటి బల్లని. ఊరికే అనట్లేదు గుండ్రటి అని, నా గొప్పంతా అందులోనే ఉంది, ఆగండి చెప్తా!

ముషీరాబాద్‌లో ఓ వడ్రంగి నన్ను టేకుతో చేశాడు, ఓ ఇరానీ హోటల్ ఫ్యామిలీ రూమ్ కోసం. అక్కడ నా నెత్తిమీదే బోర్డు: 'బల్ల కొట్టరాదు'. అయినా కొట్టేవాళ్ళు! రాజకీయాలు మాట్లాడినా కొట్టేవాళ్ళు, బిస్కెట్లు లేటయినా కొట్టేవాళ్ళు. హోటల్ మూతపడ్డాక నారాయణగూడలో ఉన్న 'చేతిమాట' అనే సంఘం నన్ను కొనుక్కుంది. చెవులు వినపడనివాళ్ళ సంఘం. ఇక్కడ నన్ను కొట్టడమే పద్ధతి! పిలవాలంటే అరిచి ఏం లాభం? అరచేత్తో నన్ను మూడు దెబ్బలు కొడతారు, ఆ అదురు అందరి మోచేతుల్లోకి పాకుతుంది, అందరూ తలెత్తుతారు. గుండ్రంగా ఉన్నా కాబట్టి ఎవరు సైగ చేసినా అందరికీ కనిపిస్తుంది. అంటే గంటా నేనే, మైకూ నేనే. గర్వం ఉండదా మరి?

ఇంతలో ఓనరు బిల్డింగ్ కూల్చేస్తున్నా, ఖాళీ చేయండన్నాడు. కొత్త హెడ్డాఫీసు వెతుకులాట మొదలు.

ప్రెసిడెంట్ ఫణీంద్ర గారు శామీర్‌పేట దాటాక ఓ చోటు చూసొచ్చారు. తమ్ముడి కోసం సైగలు నేర్చుకుని సంఘంలోకొచ్చిన మనిషి, కమిటీలో చెవులు వినపడేది ఆయనొక్కడికే. ఉత్సాహంగా చేతులు తిప్పుతూ చెప్పారు: "ఎంత ప్రశాంతంగా ఉందో! పిట్ట అరుపు తప్ప చప్పుడే లేదు!"

సెక్రటరీ విశాలాక్షి మేడం, పుట్టినప్పట్నుంచీ వినపడని మనిషి, మెల్లగా చేతులు ఎత్తింది: "మాకు ఇక్కడ పిట్ట అరుపు కూడా లేదు కద సార్!"

నా చుట్టూ నవ్వులే నవ్వులు. పాపం, ఆయన ముఖం ఎర్రబడిపోయింది. ఆ పైన అక్కడికి బస్సుల్లేవు, రోడ్డుమీద లైట్లు లేవు. చీకట్లో సైగలెలా కనిపిస్తాయి?

ట్రెజరర్ మునీర్ మాదాపూర్‌లో అద్దాల ఆఫీసు చూపించాడు. అక్కడి లిఫ్టులో నేను పట్టను, మెట్ల మలుపుల్లో తిరగను. "అక్కడ బల్ల ఉంది మేడం, దీన్ని అమ్మేద్దాం," అని నా ఫొటో కూడా తీశాడు! నా కాళ్ళు నాలుగూ చల్లబడ్డాయి.

ముందు ఒక మీటింగ్ అక్కడ పెట్టి చూద్దామంది మేడం. వెళ్ళారు. తిరిగొచ్చాక నామీద దబదబా కొట్టి మొదలుపెట్టింది మునీరే: "పొడుగు బల్ల! మన వరసలోనే కూర్చున్నవాళ్ళ చేతులు కనపడక అందరం వంగి వంగి, బస్సు వస్తోందా అని చూసినట్టు చూశాం. పైగా గ్రానైటు. చెయ్యి వాచేలా కొట్టా, ఒక్కళ్ళూ తిరగలేదు!" నా ఫొటో ఫోన్లోంచి అక్కడికక్కడే చెరిపేశాడు. హమ్మయ్య!

మూడోది చిక్కడపల్లిలో, బస్టాపు పక్కనే, రెండు వైపులా కిటికీలు. దాని ఓనరు యాదగిరి అన్న స్వయంగా వచ్చాడు. కింద ఆయనదే బ్యాండుమేళం షాపు. "ముందే చెప్తున్న సారూ, పొద్దాక డప్పులు కొడ్తరు, మస్తు లొల్లి. పైన ఎవ్వలూ నెల దాటి ఉండలే, గందుకే కిరాయి తక్కువ."

ఫణీంద్ర గారు వాడిపోయిన ముఖంతో అది సైగల్లో చెప్పారు. మేడం కళ్ళు మెరిశాయి. "లొల్లి ఎవరికంట?"

మళ్ళీ నవ్వులు. ఈసారి అందరూ ఒకేసారి నన్ను కొట్టారు, ఒప్పుకున్నట్టు.

నన్ను పైకెక్కించింది ఆ బ్యాండువాళ్ళే, భుజాలమీద, ఊరేగింపులాగా! పెద్ద డోళ్ళు మోసే మెట్లు కదా, ఎక్కడా తగల్లేదు. మొదటి మీటింగ్ మధ్యలో కింద డప్పు మొదలైంది. ఆ అదురు నేలలోంచి నా కాళ్ళల్లోకి, నాలోంచి అందరి చేతుల్లోకి! అందరూ టక్కున తలెత్తారు. "నువ్వు పిలిచావా?" "నేను కాదే, నువ్వేగా?" ఒకరినొకరు అడుగుతున్నారు! అర్థమయ్యాక మేడం రెండు అరచేతులూ నామీద ఆనించి కళ్ళు మూసుకుంది. ఒక్కొక్కరే అందరూ ఆనించారు. చెవుల్లో దూది పెట్టుకున్న ఫణీంద్ర గారు కూడా.

ఒకప్పుడు నన్ను కొట్టొద్దని బోర్డు పెట్టారు చూడండి. ఇప్పుడు నాలోంచి పాట వింటున్నారు!