పెరుగు గిన్నె మీద గరిక

"అనితా, తొక్కు జాడీ మీద గరిక ఏసినవా? పొద్దుగూకంగనే గ్రహణం పడ్తది."

అత్త అండాలమ్మ మంచంలోంచి కదలకుండానే అడిగింది. "ఏస్తున్న అత్తమ్మా" అంది అనిత వంటింట్లోంచి. చేతిలో గుప్పెడు గరిక. బియ్యం డబ్బా అయింది, తొక్కు అయింది, చింతపండు అయింది. ఇక పెరుగు మిగిలింది.

నిన్ననే బడిలో తొమ్మిదో తరగతికి గ్రహణం పాఠం చెప్పింది. బంతికి టార్చిలైటు కొట్టి చూపించింది. భూమి నీడ చంద్రుడి మీద పడుతుంది, అంతకుమించి ఏమీ లేదంది. చెబుతుంటే తన గొంతు తనకే నచ్చింది. ఆ గొంతు దంతాలపల్లిలో నాలుగు వీధులు నడిచి ఈ గడప దాటేసరికి ఎటు పోతుందో. పెళ్ళైన కొత్తలో వెయ్యనంటే భర్త జగపతి నవ్వాడు. "రెండు పోచలేస్తే నీ సైన్సు అరిగిపోతదా? అమ్మ మనసెందుకు నొప్పిచ్చుడు?" సర్దుకుంటే పోయేదేముందని సర్దుకుంది. సర్దుకున్నది ఈ ఇంట్లో తనొక్కతేనని తెలిసేనాటికి చేతులకు అలవాటైపోయింది.

"మేడం!"

వాకిట్లో ద్వాళి. తండా నుంచి బడికి వచ్చే పిల్ల. "ఆకాశం గురించి మొదలు ఏ పుస్తకం చదవాలెనో చెప్తా, ఇంటికి రా అన్నరు గద. అందుకే వచ్చిన."

అంటూనే లోపలికి చూసింది. జాడీ మీద గరిక చూసింది. మేడం గుప్పిట చూసింది.

"గ్రహణంపూట పుస్తకం ముట్టుడేందే పిల్లా? మీ తండాల చెప్పేటోళ్ళు లేరా?" అంది అండాలమ్మ.

ద్వాళి మేడం వైపు చూసింది. జవాబు మేడమే చెబుతుందన్నట్టు నిలబడింది. అనిత స్టూలెక్కి, సజ్జ మీద ఖాళీ సంచుల కింద పడున్న లావు పుస్తకం లాగింది. ఒంటిచేత్తోనే కొంగుతో దుమ్ము తుడిచి ఇచ్చింది.

పిల్ల తెరవగానే మధ్యలో ఓ పాత బస్సు టికెట్టు కనిపించింది.

"గిదేంది మేడం?"

"నేను చదివి ఆపిన కాడ పెట్టుకున్న." పెళ్ళికి ముందు, హన్మకొండ బస్సులో. గిన్నెలు తోమినంక చదువుదాం, పండుగ పోయినంక చదువుదాం అనుకుంటూ టికెట్టు మీది అక్షరాలు కూడా చెరిగిపోయాయి. ఇదే పుస్తకం గురించి క్లాసులో మొత్తం చదివినదాని లెక్క చెప్పింది.

"మిగిలింది చదవలేదా?"

"లేదు."

ద్వాళి గొంతు తగ్గించింది. "మేడం, మీరు నిన్న చెప్పింది పరీక్ష కోసమేనా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. తెలుసుకుందామని అడిగింది. అందుకే అనితకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఈ ఇంట్లో ఎన్నో మాటలు పడింది గానీ, ఇంత సిగ్గు ఎన్నడూ పడలేదు.

"కాదు బిడ్డా" అంది చివరికి. "నేను చెప్పిందే నిజం. చేస్తున్నదే..."

గుప్పిట విప్పి, ఒక్క గరిక పోచ తీసి టికెట్టు ఉన్న చోట పెట్టింది. మిగతాది వాకిట్లోకి విసిరేసింది.

"మొదటికెళ్ళి చదువు. గీ గరిక కాడికి వచ్చినంక చెప్పు. ఆడికెళ్ళి ఇద్దరం చదువుదం. జరసేపు ఆగు, చంద్రుణ్ణి చూసి పోదువు. నేను సుత వస్త."

"అనితా, పెరుగు గిన్నె మీద ఏసినవా?" లోపలి నుంచి మళ్ళీ అండాలమ్మ.

"ఎయ్యలే అత్తమ్మా" అంది అనిత, క్లాసులో పలికే గొంతుతో. "ఇగ ఎయ్యను."